మన చుట్టుపక్కల: చలికాలంలో మెరిట్ చెరువు

డిసెంబరు వచ్చిందంటే యీ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం ఒక్క విషయం మీదే ఉంటాయి. ఊరినుంచి అమ్మా నాన్నా వచ్చారు, మేమిద్దరం పొద్దున్నే ఆఫీసుకు పోతాం, పిల్లలు బడికి పోతారు, వాళ్ళిద్దరూ సాయంత్రందాకా కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు మీద మనిషన్నవాడు కనిపిస్తాడేమోనని చూస్తూ ఉంటారు. శనివారం గుడి అయింది, ఆదివారం మాల్ అయింది, గోల్డెన్ గేట్ వంతెన రెండుసార్లు చూపించాం, ఇంకెక్కడికి తీసుకువెళ్ళమంటారు? ఇదీ ప్రశ్న.

ఓక్లండ్ నడిబొడ్డున ఉన్న మెరిట్ చెరువుకు తీసుకువెళ్ళండి అని మా జవాబు. టిక్కెట్టు లేదు. కొండ ఎక్కనక్కర్లేదు. చుట్టూ మూడు మైళ్ళ పైచిలుకు నడిచే దారి ఉంది, ఓపిక లేనివారికి బెంచీలు ఉన్నాయి. బార్ట్ రైలు దిగి నాలుగడుగులు వేస్తే చెరువు గట్టు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆ నీళ్ళలో ఉండే బాతులను చూడటానికి దూరప్రాంతాలనుంచి మెడలో దుర్భిణులు వేసుకుని జనం వస్తారు. మన వాళ్ళు మాత్రం ఆ పక్క రోడ్డు మీదనే రోజూ ఆఫీసుకు పోతూ తల తిప్పి చూడరు.

చెరువు అంటున్నాం గాని నిజానికి అది సముద్రపు పాయ. ఆటుపోట్లకు ఉప్పునీరు వచ్చిపోయే బురద కయ్య ఒకప్పుడు. ఊళ్ళో మురుగంతా అందులోకే వదిలేవారు. 1867 నుంచి 1869 వరకు ఓక్లండ్ మేయరుగా ఉన్న డాక్టర్ సామ్యూల్ మెరిట్ 1869లో దానికి అడ్డకట్ట కట్టించాడు. ఆ ఒడ్డున ఆయనకు బోలెడు భూములుండేవి, చెరువు బాగుపడితే భూమి ధర పెరుగుతుంది. పైగా బాతులకోసం వచ్చే వేటగాళ్ళ తుపాకీ మోతలు ఆ చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకు తలనొప్పిగా ఉండేవి. అందుకని 1870లో అక్కడ వేట నిషేధిస్తూ రాష్ట్ర చట్టం తెచ్చారు. ఈ దేశంలో ప్రభుత్వం చట్టం చేసి కాపాడిన మొట్టమొదటి పక్షుల శరణాలయం అదే. ఎల్లోస్టోన్ పార్కు కంటే రెండేళ్ళు పెద్దది. స్వార్థమూ పరమార్థమూ ఒకే బండికి కట్టిన ఎడ్లలా నడిచిన సందర్భాలు లోకంలో ఉన్నాయి, ఇది వాటిలో ఒకటి. తర్వాత 1920లలో ఒకటి, 1950లలో నాలుగు చిన్న దీవులు కట్టారు, పక్షులు నిశ్చింతగా గూళ్ళు పెట్టుకోవడానికి. 1963లో దీన్ని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు.

ఇక అక్కడికి వచ్చేవాళ్ళ సంగతి. కెనడా మైదానాల్లో, అలాస్కా చిత్తడి నేలల్లో వేసవిలో పిల్లల్ని లేపిన బాతులు, అక్కడ నీళ్ళు గడ్డకట్టగానే పసిఫిక్ తీరం వెంట కిందికి దిగి వస్తాయి. కాన్వాస్‌బాక్, స్కాప్, బఫుల్‌హెడ్, గోల్డెన్‌ఐ, రడ్డీ డక్. ఇవి మునిగి తినే బాతులు. నీటి అడుగున గుల్లలు, నత్తలు, పురుగులు వీటి ఆహారం. పైన తేలుతున్న బాతు చటుక్కున మాయమవుతుంది, లెక్కపెడుతూ ఉండాలి, పాతికో ముప్పయ్యో లెక్కపెట్టేసరికి ఇంకోచోట బుడుంగున పైకి వస్తుంది. ఎక్కడ తేలుతుందో పందెం వేసుకోవడం మా పిల్లలు కనిపెట్టిన ఆట. గెలిచినవాడికి ఒక జంతిక.

క్రితం ఏడు మనవాళ్ళు పది కుటుంబాలు కలిసి వెళ్ళినప్పుడు ఒక చిక్కు వచ్చింది. "దీన్ని తెలుగులో ఏమంటారు తాతయ్యా?" అని ఒక పిల్ల అడిగింది. తాతయ్య "బాతు" అన్నారు. "అదో, అది?" "అదీ బాతే." "మరి ఇది?" "అదీ..." అని ఆయన ఆగారు. పిల్ల ముఖం చూస్తే, తెలుగులో ఒక్కటే మాట ఉందన్న అనుమానం కలిగినట్టు స్పష్టంగా కనిపించింది. ఇది ఊరుకోవలసిన విషయం కాదు అనిపించింది మాకు. ఆ పిల్ల వారం వారం మన సంఘం బడికి వచ్చి అఆలు దిద్దుతోంది. ఇంగ్లీషులో అయిదు పేర్లున్న చోట తన భాషలో ఒక్కటే ఉందని పదేళ్ళ వయసులో తీర్మానం చేసుకుంటే, పదిహేనో ఏట బడి మానేస్తుంది.

అక్కడే బెంచీల మీద పెద్దవాళ్ళందరినీ కూర్చోబెట్టి సభ పెట్టాం. రడ్డీ డక్ చిన్న బాతు, తోక నిటారుగా ఆకాశానికి నిక్కించి తిరుగుతుంది, కనక "నిక్కుతోక బాతు". కాన్వాస్‌బాక్ నుదురూ ముక్కూ ఒకే వాలుగా పలక మీద గీత గీసినట్టు దిగుతాయి, అందుకని "వాలుముక్కు బాతు". బఫుల్‌హెడ్ మగది నల్లటి పెద్ద తలమీద తెల్లటి రుమాలు చుట్టుకున్నట్టుంటుంది. "తలపాగా బాతు" అని ఒక అమ్మమ్మగారు సూచించగానే చప్పట్లు మోగాయి. గోల్డెన్‌ఐ దగ్గర మాత్రం వాదం నడిచింది. "బంగారుకన్ను బాతు" అంటే ఇంగ్లీషు మాటకు తెలుగు చొక్కా తొడిగినట్టుందని రిటైరయిన తెలుగు మాస్టారొకరు ఒప్పుకోలేదు. అది ఎగిరేటప్పుడు రెక్కలు ఈల వేసినట్టు చప్పుడవుతుంది, "ఈలరెక్కల బాతు" అనండి అన్నారు. ఆయన మాటే నెగ్గింది.

ఇవన్నీ మనం పెట్టుకున్న పేర్లు. తరతరాలుగా ఉన్న పేర్లూ కొన్ని ఉన్నాయి, వాటిని మరిచిపోయాం. థామస్ జెర్డన్ అనే వైద్యుడు నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన రోజుల్లో అక్కడి యానాదుల దగ్గర పక్షుల పేర్లు అడిగి తెలుసుకునేవాడు. 1862-64లో అచ్చయిన ఆయన పక్షుల గ్రంథంలో తెలుగు పేర్లు ఇంగ్లీషు లిపిలో కనిపిస్తాయి. ఈ పక్షులు చూడటమనేది తెల్లవాళ్ళ కాలక్షేపం, మనకెందుకు అని కమిటీలో ఒకరిద్దరు గొణిగారు. 1931-32లో సలీం అలీ హైదరాబాదు సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడని వారికి మనవి. ఆయన కంటే ముందు ఆ పేర్లన్నీ నోట పెట్టుకున్న యానాదులూ, బోయలూ ఏ దేశంవారో వేరే చెప్పనక్కర్లేదు.

మెరిట్ చెరువులో కొన్ని చలికాలాల్లో స్కాప్ గుంపుల మధ్య ఒకే ఒక్క వింత బాతు కనిపించింది. వీపు నల్లన, పక్కలు తెల్లన, తల వెనక చిన్న సిగ వేలాడుతూ ఉంటుంది. టఫ్టెడ్ డక్ అంటారు. కాలిఫోర్నియాలో అది అరుదు. వచ్చిందని తెలిస్తే చాలు, మనుషులు కాళ్ళకు చక్రాలు కట్టుకుని వస్తారు. అదే బాతు సైబీరియా నుంచి మన దేశపు చెరువులకు ఏటా చలికాలంలో గుంపులుగా దిగుతుంది. తెలుగులో దాని పేరు నల్ల చిలువ. ఇక్కడ వంద మంది దుర్భిణుల్లో వెతుక్కునే పక్షి మన కొల్లేటి రైతుకు పొద్దున్నే గట్టు మీద పళ్ళు తోముకుంటూ చూసే పక్షి అన్నమాట. పక్షుల్ని మనతో పోల్చి కవిత్వం రాసేవారు ఈ పత్రికలో చాలామందే ఉన్నారు కనక, ఈ ఘట్టం మీద వ్యాఖ్యానం వారికే వదిలేస్తున్నాం.

బొల్లికోడి గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఒళ్ళంతా నలుపు, ముక్కు మాత్రం తెలుపు. ఇక్కడిదీ మన దగ్గరిదీ అక్కచెల్లెళ్ళ లాంటి జాతులు. గట్టు మీద గడ్డి మేస్తూ కాళ్ళకు అడ్డం పడుతుంది. కాళ్ళు చూడండి, వేళ్ళకు రేకుల్లాంటి పొరలుంటాయి, బాతుకు లాగా వేళ్ళ మధ్య తోలు ఉండదు.

కాని ఆ రోజు అసలు సంఘటన దీవుల ఎదుట జరిగింది. కైకలూరు వైపునుంచి వచ్చిన ఒక పెద్దమ్మగారు అప్పటిదాకా పెద్దగా మాట్లాడలేదు. నెల రోజులుగా అలాగే ఉన్నారని కోడలు మాతో చెప్పింది, తిండి కూడా సరిగా తినడం లేదట. పిల్లలు దీవి చెట్ల వైపు చూపించి, కొమ్మల్లో మెడ లోపలికి లాక్కుని ముసలి జడ్జీల్లా కూర్చున్న పక్షుల్ని చూసి నవ్వుతున్నారు. నల్ల టోపీ, బూడిద రంగు రెక్కలు, ఎర్రటి కళ్ళు. ఆవిడ లేచి రెయిలింగు దాకా వచ్చి, "ఇవి చింతవక్కలు కదుటే!" అన్నారు. "మా ఊళ్ళో చెరువు గట్టున చింతచెట్టు నిండా ఇవే. పొద్దు గూకగానే వక్కు వక్కుమంటూ చేపలకు పోతాయి."

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఇది పోలిక కాదు, చుట్టరికం కాదు, అదే పక్షి. బ్లాక్ క్రౌన్డ్ నైట్ హెరాన్ అని ఇక్కడ పిలిచేది, మన చింతవక్క, రెండూ ఒకే జాతి. ఆస్ట్రేలియా, అంటార్కిటికా వదిలేస్తే అన్ని ఖండాల్లోనూ ఉండే పక్షుల్లో అదొకటి. పగలు నిద్ర, రాత్రి వేట. ఆ కూతనుబట్టే వక్క అనే పేరు వచ్చి ఉంటుందని పిల్లలు తీర్పు చెప్పారు. మాకూ అలాగే తోస్తోంది. ఆ తర్వాత గంటసేపు పెద్దమ్మగారే గైడు. కొల్లేట్లో వలలు, పడవలు, ఆవిడ చిన్నప్పుడు నీళ్ళు ఎందాక ఉండేవి, చేపల చెరువులు ఎలా ఆక్రమించాయి, 2006లో ప్రభుత్వం వచ్చి ఆ గట్లను ఎలా పేల్చేసింది, అప్పుడు ఎవరు ఏడ్చారు, ఎవరు సంతోషించారు, అంతా చెప్పుకొచ్చారు. కోడలు మా పక్కనే నిలబడి వింటోంది. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఇవేవీ ఆవిడ నోట వినలేదట.

ఈ చింతవక్కలకు ఓక్లండ్‌లో ఒక చరిత్ర ఉంది. ఊరి మధ్య వీధుల్లో నీడకోసం పెంచిన మర్రిజాతి చెట్ల మీద ఇవి గూళ్ళు పెట్టుకునేవి. కింద ఆపిన కార్ల మీద రెట్ట పడుతోందని గొడవ. 2014 మే నెలలో ఒక ఆఫీసు ముందు చెట్లు కొట్టించినప్పుడు గూళ్ళలోని పిల్లలు కింద పడి గాయపడ్డాయి. ఊరంతా ఆగ్రహించింది. చెట్లు నరికిన మనిషి స్వయంగా వచ్చి క్షమాపణ చెప్పి, వాటి వైద్యానికి తన డబ్బు ఇస్తానన్నాడు. తర్వాత ఒక బడిలో మూడో తరగతి పిల్లలు పట్టుబట్టి ఉద్యమం చేస్తే, 2019లో నగర కౌన్సిలు దీన్ని ఓక్లండ్ అధికార పక్షిగా ప్రకటించింది. మూడో తరగతి అంటే ఎనిమిదేళ్ళు. మన పిల్లలు ఈ సంగతి తెలిసి చాలాసేపు తమలో తాము ఏదో మాట్లాడుకున్నారు. త్వరలో కమిటీకి ఏదో అర్జీ వస్తుందని అనుమానంగా ఉంది.

ఇక కాస్త కష్టమైన మాట. పక్షులకు మేత వెయ్యవద్దు. ఈ మాట అనగానే మన పెద్దలకు కోపం వస్తుంది. గుంటూరు వైపు తాసిల్దారుగా రిటైరయిన బాబాయిగారొకరు సంచీనిండా బ్రెడ్డు, రాత్రి మిగిలిన అన్నం తెచ్చారు. బోర్డు చూపిస్తే, "పక్షికి నాలుగు గింజలు వెయ్యడం నేరమైన దేశం ఇదొక్కటే చూశాను" అన్నారు. ఆయన వాదంలో న్యాయం లేకపోలేదు. ఒకప్పుడు నగరంవారే ఇక్కడ రోజూ ధాన్యం చల్లేవారు, జనం చూడటానికి వచ్చేవారు. తర్వాత సంగతి తెలిసి మానేశారు. బ్రెడ్డుతో కడుపు నిండుతుంది, బలం రాదు. ఒకచోట గుంపుగా చేరితే జబ్బులు అంటుకుంటాయి. మిగిలింది కుళ్ళి నీళ్ళు చెడుతుంది. అదీగాక ఆ బ్రెడ్డు తినేది ఏడాది పొడుగునా ఇక్కడే ఉండే పెద్ద కెనడా బాతులూ, పావురాలూ, సముద్రపు గల్ పక్షులూను. మూడు వేల మైళ్ళు ఎగిరివచ్చిన మన ఈలరెక్కల బాతు దాని మొహం కూడా చూడదు, దానికి కావలసింది నీటి అడుగున గుల్ల.

బాబాయిగారి ఊరికి దగ్గరలోనే ఉప్పలపాడు ఉంది. ఊరి చెరువులో చెట్ల మీద గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ గూళ్ళు పెడతాయి, చూడటానికి ఎక్కడెక్కడినుంచో వస్తారు. "అక్కడ ఊరివాళ్ళు వాటికి అన్నం పెడతారా బాబాయిగారూ?" అని అడిగాం. చెరువులో నీళ్ళు, గూటికి కొమ్మ, రాయి విసరని పిల్లలు, అంతే కదా వారు ఇచ్చేది. ఆయన కాసేపు ఊరుకుని, "అయితే పుణ్యం మాటేమిటి మరి?" అన్నారు. అందుకూ ఒక దారి ఉంది. 1934 నుంచి ఈ దేశంలో డక్ స్టాంపు అని ఏటా ఒకటి అమ్ముతారు. వేటగాళ్ళు తప్పనిసరిగా కొనాలి, మిగతావారు ఇష్టమైతే కొనవచ్చు. ధర 25 డాలర్లు. అందులో డాలరుకు 98 సెంట్లు చిత్తడి నేలలు కొని కాపాడటానికి పోతాయి. 2019లో శాస్త్రజ్ఞులు లెక్క వేస్తే, 1970 తర్వాత అమెరికా, కెనడాలలో సుమారు 300 కోట్ల పక్షులు తగ్గిపోయాయని తేలింది. ఆ పట్టికలో పెరిగిన కొద్ది గుంపుల్లో బాతులు, హంసల జాతి ఒకటి, సగానికి పైగా పెరిగింది. చిత్తడి నేలలమీద ఇన్నేళ్ళుగా పెట్టిన డబ్బు ఊరికే పోలేదు. ఆ మాట చెప్పి బాబాయిగారికి ఒక స్టాంపు కొనిచ్చాం. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బొమ్మ బాగుంది గాని, బాతు దీన్ని తింటుందటయ్యా?" అన్నారు. స్టాంపు మాత్రం పర్సులో భద్రంగా పెట్టుకున్నారు.

నీళ్ళు చెడటం అన్నాం కదా. 2022 ఆగస్టు చివర ఈ చెరువు ఒడ్డున వేల చేపలు చచ్చి తేలాయి. పెద్ద పెద్ద తిరుకు చేపల దగ్గర్నుంచి వేలెడంత పిల్లల దాకా. వారం రోజులు ఆ పక్కకు వెళ్ళలేకపోయారు జనం. హెటెరోసిగ్మా అకషివో అనే కంటికి కనిపించని ఎర్రనాచు బేలో అంతా విపరీతంగా పెరిగి, అది చచ్చి కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోయింది. దానికి ఎరువు ఎక్కడిది? మనదే. బే చుట్టూ ఉన్న 37 మురుగునీటి కేంద్రాల్లోంచి శుద్ధి అయి వచ్చే నీటిలో నత్రజని మిగిలిపోతుంది. మన మూత్రంలోని నత్రజని, దాచి లాభం లేదు. 2024 జూలైలో ఇక్కడి వాటర్ బోర్డు పదేళ్ళలో దాన్ని 40 శాతం తగ్గించాలని ఆజ్ఞ ఇచ్చింది. ఖర్చు అంచనా 1,100 కోట్ల డాలర్లు. అది మన ఇంటి సూయర్ బిల్లులోనే వస్తుంది. బిల్లు పెరిగిందని సంఘం సమావేశాల్లో విసుక్కునేవారు విసుక్కోవచ్చు, మేమూ విసుక్కుంటాం. కాని చచ్చిన చేపల వాసన పీల్చినవాళ్ళం కనక కట్టేస్తాం. మనలో సివిల్ ఇంజనీర్లూ, కెమికల్ ఇంజనీర్లూ డజన్ల కొద్దీ ఉన్నారు, బోర్డు బహిరంగ సమావేశాలకు ఒక్కరైనా వెళ్ళి కూర్చుంటే బాగుంటుంది.

ఉత్సాహం ఉన్నవారికి ఇంకొక మాట. ఏటా డిసెంబరు 14 నుంచి జనవరి 5 లోపల క్రిస్మస్ పక్షుల లెక్క జరుగుతుంది. క్రిస్మస్ నాడు పోటీపడి పిట్టల్ని కాల్చే అలవాటు మాన్పించడానికి ఫ్రాంక్ చాప్మన్ అనే ఆయన 1900లో దీన్ని మొదలుపెట్టాడు, కాల్చే బదులు లెక్కపెట్టండని. మొదటి ఏడు 27 మంది. ఇప్పుడు ఒక్క ఓక్లండ్ లెక్కకే వందల మంది వస్తారు. 15 మైళ్ళ వ్యాసంగల వలయంలో కనిపించిన ప్రతి పక్షినీ ఒక రోజంతా లెక్కిస్తారు. కొత్తవారిని అనుభవజ్ఞులతో జత చేస్తారు కనక భయపడనక్కర్లేదు. మన పిల్లల్లో ఇద్దరు పేర్లు ఇచ్చారు.

మన సంఘం నడక జనవరి రెండో శనివారం పొద్దున తొమ్మిదింటికి, పక్షుల దీవుల ఎదుట కలుద్దాం. చలి తేమతో కూడుకున్నది, పెద్దవాళ్ళకు మంకీ క్యాపులు మరవకండి. దుర్భిణి కొనేవారు 8x42 అని రాసి ఉన్నది కొనండి. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, చేతులు వణికేవారికీ బొమ్మ నిలుస్తుంది. కళ్ళజోడు ఉన్నవారు దాని రబ్బరు కప్పులు లోపలికి తిప్పి చూడాలి, లేకపోతే సగమే కనిపిస్తుంది. చచ్చిన పక్షి కనిపిస్తే ఎవరూ ముట్టుకోవద్దు, బర్డ్ ఫ్లూ తిరుగుతోంది. ఇడ్లీలు కమిటీ తెస్తుంది, మనుషులకు మాత్రమే. కైకలూరు పెద్దమ్మగారు మార్చిదాకా ఉంటున్నారు, ఈసారి సాయంత్రం నడక కూడా పెట్టమన్నారు, వక్కలు లేచే వేళకు. రాదలచినవారు కార్యదర్శికి ఫోను చెయ్యండి, కారులో చోటున్నవారు ఎంతమందికి చోటుందో కూడా చెప్పండి.